ఊరి కట్టుబాటుకు పంచాయతీ ముద్ర

ఈసారి వచ్చిన ఉత్తరాలు చాలావరకు ఒకే చిక్కు చుట్టూ తిరిగాయి. ఊళ్లో పెద్దమనుషుల మాట నడుస్తుంది గానీ దానికి చట్టం అండ లేదు. పంచాయతీ కాగితానికి చట్టం అండ ఉంది గానీ దాన్ని ఎవరూ లెక్కచేయరు. నల్లగొండ, సూర్యాపేట, పాలమూరు వైపు నుంచి వచ్చిన ఆరు ప్రశ్నలకు జవాబులు ఇవి.

ప్రశ్న: మా ఊళ్లో నాలుగు బెల్టుషాపులు ఉండేవి. మహిళా సంఘాలన్నీ కలిసి అడిగితే పెద్దమనుషులు కూర్చుని, మందు అమ్మితే యాభై వేలు దండుగ, కట్టకుంటే ఆ ఇంటికి నిప్పు నీళ్లు బంద్ అని రాయించారు. రెండు నెలలు బాగానే నడిచింది. ఇప్పుడు ఒకాయన దండుగ కట్టేసి మళ్లీ అమ్ముతున్నాడు. ఎక్కడ తప్పింది?
– గ్రామ సంఘం సభ్యురాలు, నకిరేకల్ మండలం

జవాబు: దండుగ దగ్గరే తప్పింది. యాభై వేలు కట్టినవాడికి అది లైసెన్సు ఫీజు లెక్క. ఆ సొమ్ము బొడ్రాయి పండుగకు ఖర్చయ్యాక ఊరికి కూడా అడిగే మొహం ఉండదు. కొన్నిచోట్ల ఇది ముదిరి, అమ్ముకునే హక్కును ఊరే వేలం వేసేదాకా పోయింది.

ఇంకో సంగతి. దండుగ వేసే అధికారం పెద్దమనుషులకు లేదు. భయపెట్టి వసూలు చేస్తే భారతీయ న్యాయ సంహిత 308 కింద కేసవుతుంది. నిప్పు నీళ్లు బంద్ అన్నది ఎస్సీ, ఎస్టీ కుటుంబం మీద పెడితే అట్రాసిటీ చట్టం 3(1)(జడ్‌సీ) కింద నేరం. చివరికి మందు అమ్మినవాడు ఫిర్యాదుదారుడై, వద్దన్నవాళ్లు ముద్దాయిలవుతారు.

అలాగని ఊరి కట్టు వదులుకోవద్దు, దాన్ని గ్రామసభలోకి తెండి. 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం ప్రకారం గ్రామసభ కనీసం రెండు నెలలకోసారి జరగాలి. మహిళా సంఘాలన్నీ కలిసిన గ్రామ సంఘం అధ్యక్షురాలికి పంచాయతీలో కోఆప్షన్ సభ్యత్వం ఉంటుంది కాబట్టి విషయాన్ని ఎజెండాలో పెట్టించే బాధ్యత ఆమెకే అప్పజెప్పండి. కోరం ఓటర్ల సంఖ్యను బట్టి మారుతుంది. మీ ఊరికి ఎంతో కార్యదర్శిని ముందే అడిగి, అంతకు ఇరవై ముప్పై మంది ఎక్కువ వచ్చేలా చూసుకోండి. కోరం లేని తీర్మానం చిత్తుకాగితంతో సమానం.

తీర్మానంలో దండుగ మాట వద్దు. ఏ వీధిలో, ఏ ఇంట్లో, ఏ వేళల్లో అమ్ముతున్నారో, బడి ఎంత దూరంలో ఉందో రాసి, ఎక్సైజ్ శాఖ దాడి చేయాలని కోరండి. చివర ఒక వాక్యం తప్పకుండా ఉండాలి: పంచనామాకు పంచాయతీ తరఫున ఇద్దరు సాక్షులను ఇస్తాం. ఈ కేసులు ఎక్కువగా వీగిపోయేది ఇక్కడే. అందరికీ తెలుసు, సంతకానికి మాత్రం ఎవరూ రారు, ఎందుకంటే అమ్మేవాడు ఎవరికో ఒకరికి చుట్టమే. పేరు ఒక్కరిది కాక పంచాయతీది అయితే ఆ మొహమాటం తగ్గుతుంది.

సీసాలు మీరు పగలగొట్టకండి, సాక్ష్యం పోతుంది. మూత మీది హోలోగ్రాం చెరగకుండా ఉంటే ఆ సరుకు ఏ వైన్‌షాపు నుంచి వచ్చిందో ఎక్సైజ్ వాళ్లు పట్టుకోగలరు. ఊళ్లో అమ్మేవాడికంటే వాడికి పెట్టెలు పంపేవాడి మీద కేసు పడితేనే సరఫరా ఆగుతుంది. తీర్మానం నకళ్లు ఎక్సైజ్ సీఐకి, ఎస్సైకి, ఎంపీడీవోకి ఇచ్చి రసీదు తీసుకోండి. పదిహేను రోజుల్లో కదలిక లేకపోతే ఆ రసీదులతో సోమవారం కలెక్టరేట్ ప్రజావాణికి వెళ్లండి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన సారా ఉద్యమంలోనూ ఆడవాళ్లు దెబ్బకొట్టింది వేలంపాటల మీదే. 1993 అక్టోబరు 1న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం వచ్చింది.

ప్రశ్న: వడ్లు రోడ్డు మీద పోయవద్దంటే "ఏడాదికి రెండు నెలలే కదా" అంటారు. రాత్రిపూట నల్ల పరదా కప్పి చుట్టూ రాళ్లు పెడతారు. మోటారుసైకిళ్ల వాళ్లు పడిపోతున్నారు. వార్డు మెంబరుగా గట్టిగా అంటే ఓట్లు పోతాయి, ఊరుకుంటే ప్రాణాలు పోతాయి.
– వార్డు సభ్యుడు, మిర్యాలగూడ మండలం

జవాబు: ముందు రైతు రోడ్డు మీదికి ఎందుకు వచ్చాడో చూడాలి. కొడవలి కోతల కాలంలో కోసిన వరి మెదలు చేలోనే ఆరేవి, తర్వాతే కల్లానికి చేరేవి. ఇప్పుడు కోత మిషన్ నుంచి గింజ 20 నుంచి 25 శాతం తేమతో నేరుగా ట్రాక్టర్‌లో పడుతుంది. కొనుగోలు కేంద్రంలో 17 శాతం దాటితే కాంటా వేయరు. మధ్యలో రెండు మూడు రోజులు ఆరబెట్టడానికి ఊళ్లో కల్లాలు లేవు. ఉన్నవి ఇళ్ల స్థలాలైపోయాయి. తారు రోడ్డు వేడెక్కుతుంది, మట్టి అంటదు, లారీ పక్కకే వస్తుంది. ఇది మొండితనం కాదు, చోటు లేకపోవడం.

అందుకే చోటు లెక్కతో మొదలుపెట్టండి. ఎకరానికి 25 క్వింటాళ్లు అనుకుంటే, రెండు అంగుళాల మందాన పరచడానికి సుమారు 100 గజాలు కావాలి. అర ఎకరం చదునైన నేలలో, నడిచే దారులు వదిలినా, ఒకేసారి ఇరవై ఎకరాల వడ్లు పడతాయి. మూడు రోజులకో విడత అనుకుంటే నెలకు రెండు వందల ఎకరాలు. ఏ ఊళ్లోనైనా అర ఎకరం ప్రభుత్వ భూమో, ఆ సీజన్‌కు ఖాళీగా ఉన్న దాత పొలమో దొరుకుతుంది. మందం మూడు అంగుళాలు దాటనివ్వకండి. కింది పొర పచ్చిగా ఉండిపోయి, పైన తేమ మీటరు పెడితే 16, కేంద్రంలో 19 చూపిస్తుంది. గొడవలు ఎక్కువగా అక్కడే. గంటకోసారి కాళ్లతో సాళ్లు తీసి తిప్పాలి.

విడతలు నిర్ణయించే పని కొనుగోలు కేంద్రం నడిపే మహిళా సంఘానికో, సొసైటీకో ఇవ్వండి. కోతకు ముందే కోత మిషన్ యజమానులనూ కూర్చోబెట్టి కేంద్రం ఇచ్చే టోకెన్ల వరసను బట్టి కోతలు పెట్టించండి. చేను మరో నాలుగు రోజులు ఆగితే తేమ అక్కడే కొంత తగ్గుతుంది. వాన భయం ఉంటే మాత్రం ఈ సలహా వదిలేయండి.

చట్టం చూస్తే ఏ దారీ కల్లం కాదు. దారికి అడ్డం పెడితే న్యాయ సంహిత 285 కింద ఐదు వేల వరకు జుర్మానా, దానివల్ల మనిషి చనిపోతే 106 కింద ఐదేళ్ల దాకా జైలు పడవచ్చు. చాలామంది రైతులకు ఈ రెండోది తెలియదు. సీజన్ మొదట్లో మైకులో చదివించండి. ఒక్క సీజన్‌లో అంతా ఆపలేరు కాబట్టి మెయిన్ రోడ్డు, మలుపులు, కల్వర్టులు, బడి ముందు పూర్తిగా బంద్ పెట్టండి. లోపలి సీసీ రోడ్డు మీద పోసినవాళ్లు పొద్దుగూకకముందే ఎత్తేయాలి, రాళ్లు కూడా తీసేయాలి. వడ్లు పోయాక మిగిలిన ఆ రాళ్లు మరో నెల అక్కడే పడి ఉంటాయి, ప్రమాదం వాటివల్లే ఎక్కువ.

ఇక ఓట్ల సంగతి. సర్పంచ్ వడ్లు, మీ వడ్లు మొదటి రోజే రోడ్డు మీంచి లేచి కొత్త కల్లంలోకి వెళ్లాలి. పెద్దకాపు వడ్లు రోడ్డు మీద ఉండగా చిన్న రైతుకు చెప్పడానికి ఎవరికీ నోరు రాదు.

ప్రశ్న: మా సర్పంచ్ మహిళ. శాంతి కమిటీకీ, వీధిదీపాల పనులకూ ఆమె భర్తే వస్తాడు. అడిగితే తప్పుగా చూస్తారు. ఏం చేయొచ్చు?
– డిగ్రీ విద్యార్థిని, నారాయణపేట జిల్లా

జవాబు: పిలుపు పదవికి వస్తుంది, ఇంటికి కాదు. హాజరు పట్టీలో భర్త సంతకం ఉంటే అది రాయించిన కార్యదర్శిది తప్పు. చెక్కు మీద సర్పంచ్, ఉపసర్పంచ్ ఇద్దరి సంతకాలు ఉండాలి కాబట్టి ఏ పనికి ఎంత పోతుందో ఆమెకు తెలియకుండా ఉండే వీల్లేదు. ఇదంతా ఎదురుపడి అనడం కంటే, మగవాళ్లు చేయలేని పని ఒకటి ఆమె చేతిలో పెట్టండి. ఆడవాళ్లు చీకటి పడ్డాక ఏ దారిన నడవరు అన్నది ఊళ్లో మగవాళ్లకు తెలియదు. బతుకమ్మకు నెల ముందు ఏడు గంటలకు ఆమెతో కలిసి చెరువు కట్ట, బస్టాపు, హాస్టల్ దారి నడవండి. వెలగని స్తంభాలు, వాటికి కరెంటిచ్చే ట్రాన్స్‌ఫార్మర్ నంబరు రాసుకోండి. వీధిదీపాలకే వేసే మూడో వైరు గానీ, ఆన్-ఆఫ్ స్విచ్ గానీ లేని లైన్లు వేరుగా గుర్తుపెట్టండి. అక్కడ బల్బులు పగలూ రాత్రీ వెలిగి తొందరగా పోతాయి, మార్చినా నిలవవు. జాబితాను వీధిదీపాల స్థాయీ సంఘం ముందు ఆమే పెట్టాలి. అదే నడకలో చెరువులో మట్టి తవ్విన గుంతలు కూడా చూడండి. ఒడ్డున మోకాలు లోతు, రెండడుగులు వేస్తే నిలువు లోతు ఉంటుంది. బతుకమ్మను వదిలే చోట అంచుకు ముందే గుంజలు పాతి తాడు కట్టించాలి.

ప్రశ్న: పెద్దగట్టు జాతరలో వలంటీర్లుగా చేద్దామనుకుంటున్నాం. పోలీసుల ప్లాను ఒకటి, కులపెద్దల ఆనవాయితీ ఒకటి. ఎవరి మాట వినాలి?
– యువజన సంఘం, చివ్వెంల మండలం

జవాబు: రెండూ వేరు కావు. జాతర ప్లానంతా ఆనవాయితీ మీదే నిలబడింది. దురాజ్‌పల్లి గట్టు మీద లింగమంతుల స్వామి జాతర రెండేళ్లకోసారి మాఘంలో, ఐదు రోజులు. 2025లో ఫిబ్రవరి 16 నుంచి 20 దాకా జరిగింది. కేసారం నుంచి దేవతా విగ్రహాలున్న దేవరపెట్టె ఎప్పుడు కదులుతుంది, చంద్రపట్నం అనే పూజ ముగ్గు ఎప్పుడు వేస్తారు అన్నది హక్కుదారులైన యాదవ కుటుంబాలు చెప్పేదే. జనం ఆ వేళలను బట్టే ఉప్పొంగుతారు. గట్టు 65వ నంబరు జాతీయ రహదారి పక్కనే ఉంది కాబట్టి ఆ రోజుల్లో హైదరాబాద్–విజయవాడ వాహనాలను నార్కట్‌పల్లి దగ్గర నల్లగొండ, మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ మీదుగా మళ్లిస్తారు. ఒక పూజ వేళ మారితే దాని ప్రభావం నార్కట్‌పల్లి దాకా ఉంటుందన్నమాట.

అందుకే మీ మొదటి పని సమాచారం మోయడం. దేవరపెట్టె కదలడానికి అరగంట ముందే కంట్రోల్ రూముకు చెప్పే మనిషి ఒకరు పెద్దల పక్కన ఉండాలి. పెట్టెను తాకాలని జనం ఎగబడతారు, దారి ముందే తెరిచి ఉంచాలి. రద్దీ పెరిగితే జనాన్ని గట్టు కింద ఆపండి, మెట్ల మీద ఆపకండి. మధ్యలో ఆపితే వెనకవాళ్లకు ముందు ఏముందో కనిపించక నెడుతూనే ఉంటారు. చేతులు పట్టుకుని ఎదురు గొలుసుగా నిలబడటం కూడా ప్రమాదమే. గజం చోట నలుగురు దాటారంటే పైకి వదలడం ఆపేయాలి. ఎక్కే దారి, దిగే దారి కలవనివ్వకండి. గంపలు ఎత్తుకున్న ఆడవాళ్లకు కాళ్ల కింద కనిపించదు, దిగే మలుపుల్లో ఇద్దరేసి ఉండండి. పిల్లల మణికట్టుకు ఫోన్ నంబరు రాసిన పట్టీ కట్టండి.

గజ్జెల లాగు కట్టి, భేరీల మధ్య "ఓ లింగా" అంటూ వచ్చే గుంపు, వేరే జిల్లా నుంచి డ్యూటీకి వచ్చిన కానిస్టేబుల్ విజిల్ వినదు. తమ పెద్ద చేయెత్తితే ఆగుతుంది. ప్రతి మలుపులో పోలీసు పక్కన ఆ వైపు ఊళ్ల నుంచి ఒక పెద్దాయన ఉండేలా ముందుగానే అడగండి.

ప్రశ్న: తండాలో ఎండిపోయిన బోర్లు ముప్పై దాకా ఉన్నాయి. పిల్లలు పడతారని భయం. పూడ్చడానికి ఎవరూ ఒప్పుకోరు.
– చందంపేట మండలం

జవాబు: ఒప్పుకోకపోవడానికి రెండు కారణాలు. మళ్లీ నీళ్లు రావచ్చన్న ఆశ మొదటిది. అది సరే, మూత పెట్టించండి. రెండోది, కేసింగ్ పైపు పీకి ఇంకో బోరుకు వాడటం. అప్పుడు మిగిలేది ఆరున్నర అంగుళాల ఉత్త బొక్క, అదే ప్రాణాంతకం. 2010లో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. వాడే బోరుకు కేసింగ్ చుట్టూ 0.50 మీటర్ల చదరం, 0.60 మీటర్ల ఎత్తు సిమెంటు దిమ్మె కట్టాలి, అందులో సగం భూమిలో ఉండాలి. పైన ఇనుప ప్లేటు వెల్డింగ్ చేయాలి, లేదా బోల్టు బిగించాలి. వదిలేసిన బోరును అడుగు నుంచి నేల దాకా పూడ్చాలి. ఊళ్లలో దీన్ని చూడాల్సింది సర్పంచ్, వ్యవసాయ శాఖ అధికారి.

మూడు వందల అడుగుల బోరుకు దాదాపు 70 ఘనపుటడుగుల మట్టి చాలు, ఒక ట్రాలీ కూడా నిండదు. పైన బండరాయో సంచో కుక్కి మట్టి కప్పితే మాత్రం వానకు దిగిపోతుంది. ముందు సన్న గులకరాళ్లు, తర్వాత ఇసుక మట్టి కొద్దికొద్దిగా పోస్తూ నీళ్లు వదలండి. మొదటి వానాకాలం తర్వాత దిగినంత మళ్లీ నింపండి.

ప్రశ్న: చందాలతో ఎనిమిది సీసీ కెమెరాలు పెట్టాం. దొంగతనం జరిగినరోజు రికార్డింగే లేదు!
– జడ్చర్ల మండలం

జవాబు: హార్డ్‌డిస్కు చిన్నదై ఉంటుంది. ఒక్కో కెమెరా సెకనుకు 2 మెగాబిట్లు రాస్తే రోజుకు 21.6 జీబీ. ఎనిమిదింటికి నెలకు 5.2 టీబీ. దుకాణంవాళ్లు ఇచ్చేది మామూలుగా 1 టీబీ, అంటే ఆరు రోజులు కూడా రాదు, పాతది చెరిగిపోతుంది. 6 టీబీ వేయించండి. జనం గుమిగూడే సంస్థలకు 2013 ప్రజా భద్రతా చట్టం 30 రోజుల రికార్డింగ్ అడుగుతుంది, ఊరికీ అదే కొలత పెట్టుకోండి. కరెంటు పోతే ఆగిపోకుండా రికార్డరుకు, కెమెరాలకు కలిపి యూపీఎస్ కావాలి.

కెమెరాలు ఎక్కడున్నాయో కూడా చూడండి. ఎక్కువ చందా ఇచ్చినవాళ్ల గేటు ముందు రెండు, ఊరి పొలిమేర దారిలో ఒకటీ లేకపోవడం చాలా ఊళ్లలో మామూలే. దాత పేరు స్తంభం మీద రాయించి, కెమెరాను ఊళ్లోకి వచ్చే దారుల మీదికి తిప్పండి. పాస్‌వర్డ్ దాత దగ్గర కాక కార్యదర్శి దగ్గర ఉండాలి. నెలకోసారి, ఫలానా రోజు ఫలానా గంట రికార్డింగ్ తెరిచి చూపించమని ఆయన్ని అడుగుతూ ఉండండి.