4కె పెళ్లి డిస్క్ ప్లే కాకపోతే: తమ్ముని కొడుక్కి ఒక లేఖ

హనుమకొండ

బిడ్డా,

పర్కాల పెళ్లి డిస్క్ తలంబ్రాల దగ్గరికి రాగానే ఆగిపోతోందని, అదే ఫైల్‌ను మళ్లీ మళ్లీ రైట్ చేసి ఇస్తున్నావని మీ బాపు చెప్పాడు. ఇక రైట్ చేయకు. తప్పు ఎక్కడుందో తెలియకుండా ఎన్ని డిస్కులు మార్చినా అదే సీన్ దగ్గర అట్లాగే ఆగుతుంది. డబ్బులు పోతాయి, పెళ్లివాళ్ల దగ్గర మాట పోతుంది.

డిస్క్ సరిగ్గా ప్లే కాలేదంటే తప్పు ఫైల్‌లో ఉండాలి, లేదంటే డిస్క్‌లో ఉండాలి, అదీ కాకపోతే వాళ్ల ఇంట్లో ఉన్న ప్లేయర్, టీవీ వైపు ఉండాలి. ఒకసారికి ఒక్కదాన్నే మార్చి చూడు. ఫైల్, డిస్క్ కంపెనీ, రైటింగ్ స్పీడ్ మూడూ ఒకేసారి మార్చావనుకో, డిస్క్ బాగైనా ఎందుకు బాగైందో నీకు తెలియదు. రేపు ఇంకో పెళ్లికి అదే టెన్షన్ మొదలవుతుంది.

ముందు వాళ్ల ప్లేయర్ ఏదో అడుగు. ముందు భాగం ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టమను. దాని మీద అల్ట్రా హెచ్‌డీ బ్లూరే గుర్తు ఉందా, ఒట్టి బ్లూరే గుర్తు ఉందా చూడు. టీవీ 4కె అయితే చాలని అందరూ అనుకుంటారు. మామూలు బ్లూరే ప్లేయర్ మన 4కె డిస్క్‌ను ప్లే చేయలేదు, అది తయారైన పద్ధతే వేరు. 4కె డిస్కులు, ప్లేయర్లు మార్కెట్‌లోకి వచ్చిందే 2016లో. గేమ్ ఆడుకునే పెట్టెల్లో కూడా పీఎస్4 ప్రో 4కె గేములు చూపిస్తుంది కానీ 4కె డిస్క్ చదవదు. డిస్క్ పట్టే పీఎస్5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ అయితే దుకాణంలో అమ్మే 4కె సినిమా డిస్కులు చదువుతాయి.

అయితే సినిమా డిస్క్ చదివినంత మాత్రాన మనం రైట్ చేసింది కూడా చదవాలని లేదు. కంపెనీ అచ్చు వేసే డిస్క్‌కు ఎవరూ కాపీ చేయకుండా ఏఏసీఎస్ అనే తాళం ఉంటుంది, మన పెళ్లి డిస్క్‌కు ఉండదు. తాళం లేని 4కె ఫోల్డర్‌ను కొన్ని ప్లేయర్లు తీసుకుంటాయి, కొన్ని ససేమిరా అంటాయి. అదే కంపెనీ వేరే మోడల్ వేరే తీరుగా ఉంటుంది. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అయ్యాక కూడా తీరు మారవచ్చు. 100 జీబీ డిస్కుల విషయంలో ఇంకా జాగ్రత్త. మనం రైట్ చేసే 100 జీబీ డిస్క్‌ను బీడీఎక్స్ఎల్ అంటారు. ప్లేయర్‌తో వచ్చిన పుస్తకంలో ఏయే డిస్కులు పడతాయో ఒక పట్టిక ఉంటుంది. అందులో ఆ పేరు లేకపోతే ఆశ వదులుకో, 50 జీబీ డిస్క్‌లోనే సర్దు. డిస్క్ ఇస్తానని ఒప్పుకునే ముందే ఈ మాటలన్నీ మాట్లాడుకోవాలి. పెళ్లి ఆల్బమ్ సైజు అడిగినట్టే ప్లేయర్ మోడల్ కూడా అడుగు.

ఇక తలంబ్రాల సంగతి. ఇది కొంచెం ఓపికగా చదువు, ఎక్కువ ఫిర్యాదులు ఇక్కడే వస్తాయి.

వీడియోను కుదించేటప్పుడు ఎన్‌కోడర్ ఒక ఫ్రేమ్‌కూ తర్వాతి ఫ్రేమ్‌కూ మధ్య మారినదాన్నే ఎక్కువగా రాసుకుంటుంది. పంతులుగారు మంత్రాలు చదువుతుంటే మండపం కదలదు, పీటల మీద ఉన్నవాళ్లు పెద్దగా కదలరు. కాబట్టి తక్కువ డేటాతో పని జరిగిపోతుంది. తలంబ్రాలు మొదలయ్యాక చూడు. పసుపు బియ్యం, ముత్యాలు, రంగు రంగుల థర్మోకోల్ గోలీలు గాలిలో ఎగురుతుంటాయి. వెనుక నుంచి ఎవరో పూలు చల్లుతారు. చుట్టూ ఫోటోగ్రాఫర్ల ఫ్లాష్‌లు కొడుతుంటాయి. ప్రతి గింజా ప్రతి ఫ్రేమ్‌లో కొత్త చోట ఉంటుంది. ఫ్లాష్ పడిన ఫ్రేమ్ మొత్తం తెల్లగా మారుతుంది కాబట్టి ఎన్‌కోడర్ దాన్ని కొత్త సీన్ అనుకుని పూర్తి ఫ్రేమ్ రాస్తుంది. బిట్‌రేట్, అంటే సెకనుకు వాడే డేటా, యావరేజ్ 50 మెగాబిట్లు అని నువ్వు పెట్టినా, ఆ సమయంలో సెకనుకు 100 దాటినా దాటుతుంది. బ్లూరేలో 1ఎక్స్ అంటే సెకనుకు 36 మెగాబిట్లు. మనం రైట్ చేసిన డిస్క్‌ను ప్లేయర్ ఎంత వేగంగా తిప్పుతుందో మన చేతుల్లో లేదు. అడిగినంత డేటా అందకపోతే బొమ్మ ఆగుతుంది. బతుకమ్మ వీడియోల్లో కూడా ఇదే చూస్తావు. తంగేడు, గునుగు పూల సందుసందునా వివరం, చుట్టూ తిరుగుతున్న చీరల జరీ, ఎన్‌కోడర్‌కు ఊపిరి ఆడదు. బరాత్‌లో డీజే లైట్ల దగ్గర కూడా అంతే.

ఇది బిట్‌రేట్ తప్పా, డిస్క్ తప్పా తేల్చుకోవడానికి దారి ఉంది. ఆ తలంబ్రాల భాగం ఐదు నిమిషాలు కోసి పెన్‌డ్రైవ్‌లో వేసి అదే ప్లేయర్‌కు పెట్టు. పెన్‌డ్రైవ్‌ను ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేయి, ఫ్యాట్32 అయితే 4 జీబీ దాటిన ఫైల్ పట్టదు. పెన్‌డ్రైవ్‌లో కూడా అక్కడే ఆగితే తప్పు ఫైల్‌దే, డిస్క్‌ను వదిలేయి. పెన్‌డ్రైవ్‌లో సాఫీగా పోతే డిస్క్‌లోని పెద్ద ఫైల్‌ను కంప్యూటర్‌లోకి కాపీ చేసి చూడు. కాపీ మధ్యలో నత్తనడక నడిచినా, ఎర్రర్ ఇచ్చినా డిస్క్ సరిగ్గా రాయలేదని అర్థం. కాపీ కూడా శుభ్రంగా వస్తే, ఫైల్ బాగుంది, డిస్క్ బాగుంది, ఆ సీన్ అడిగే వేగమే ప్లేయర్ అందుకోలేకపోతోంది. ఇలాంటి పరీక్షలకు చెరిపి రాసుకునే బీడీ-ఆర్‌ఈ డిస్క్ ఒకటి దగ్గర పెట్టుకో. ఆ ఐదు నిమిషాలే దాని మీద రాసి పంపితే మొత్తం పెళ్లి రాసే పని తప్పుతుంది.

బిట్‌రేట్ తప్పని తేలితే యావరేజ్ 45 నుంచి 50, మాగ్జిమమ్ 65 మెగాబిట్లు పెట్టి మళ్లీ ఎన్‌కోడ్ చేయి. మన డిస్కులకు నేను వాడే లెక్క ఇది. మాగ్జిమమ్‌తో పాటు బఫర్ సైజు, అంటే ప్లేయర్ డేటాను ముందుగా నిల్వ చేసుకునే చోటు ఎంతో, అది కూడా ఇవ్వాలి. ఎక్స్265 అనే ఎన్‌కోడర్‌లో బఫర్ ఇవ్వకపోతే నువ్వు పెట్టిన మాగ్జిమమ్ పేరుకే ఉంటుంది, పని చేయదు. అందులోనే 4కె బ్లూరే కోసం యూహెచ్‌డీ-బీడీ అని ఒక ఆప్షన్ ఉంది, దాన్ని ఆన్ చేసుకో. 50 మెగాబిట్ల దగ్గర గంట వీడియో 22.5 జీబీ అవుతుంది. 25 జీబీ డిస్క్ కంప్యూటర్‌లో 23.3గా కనిపిస్తుంది. అమ్మినవాడు మోసం చేశాడనుకోకు, కంప్యూటర్ 1024 లెక్కన చూపిస్తుంది.

డిస్క్‌ను అంచు దాకా నింపకు. రైటింగ్ లోపలి నుంచి మొదలై బయటి అంచు వైపు పోతుంది. తప్పులు ఎక్కువగా వచ్చేది అంచు దగ్గరే. వేలిముద్రలు పడేదీ అక్కడే. 50 జీబీ డిస్క్‌లో రెండు పొరలుంటాయి. మొదటిది లోపలి నుంచి అంచుకు, రెండోది అంచు నుంచి మళ్లీ లోపలికి. అందుకే నిండుగా రాసిన డిస్క్‌లో వీడియో సగానికి వచ్చేసరికి లేజర్ అంచున ఉంటుంది, పొర మారేదీ అక్కడే. ఎవరైనా "మధ్యలో ఆగుతోంది" అంటే ఎన్ని నిమిషాల దగ్గరో అడుగు. సరిగ్గా సగం దగ్గరైతే తలంబ్రాలను అనుమానించకు, డిస్క్‌ను అనుమానించు. ఒక్కోసారి ఒక్కోచోట ఆగుతుంటే దుమ్ము, మరక, లేదా ప్లేయర్ లెన్స్.

ఫ్రేమ్ రేట్, అంటే సెకనుకు ఎన్ని ఫ్రేములో, ఆ మాట చెప్పాలి. 4కె బ్లూరే నిబంధనల్లో 24, 25, 50, 60 లాంటివి ఉన్నాయి, 30 లేదు. డ్రోన్ అబ్బాయి 30లో తీస్తాడు, పెళ్లికొడుకు చెల్లెలు ఫోన్‌లో తీసింది 30లో ఉంటుంది, నువ్వు ఎడిటింగ్ టైమ్‌లైన్‌ను కూడా 30లోనే పెట్టేస్తావు. కంప్యూటర్‌లో చక్కగా కనిపిస్తుంది, ప్లేయర్ మాత్రం పక్కన పెడుతుంది. టైమ్‌లైన్ 30లో ఉంటే ప్రతి ఫ్రేమ్‌ను రెండుసార్లు చూపిస్తూ 60కి మార్చు. కొత్తగా తీసేవి మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి 25 లేదా 50లో తీయమను, ఫంక్షన్ హాల్ లైట్ల మినుకులు కూడా తగ్గుతాయి. సైజు 3840 బై 2160 ఉండాలి. కొన్ని కెమెరాల్లో 4096 వెడల్పు కూడా ఉంటుంది, అది డిస్క్‌కు పనికిరాదు.

బొమ్మ వచ్చి శబ్దం రాకపోతే ఆడియో ఏఏసీ అనే ఫార్మాట్‌లో ఉందేమో చూడు. ఫోన్లు, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు మామూలుగా ఇచ్చేది అదే, బ్లూరే దాన్ని తీసుకోదు. డాల్బీ ఏసీ3 లేదా ఎల్‌పీసీఎం చేయి. శాంపుల్ రేట్ 48 కిలోహెర్ట్జ్ ఉండాలి. పెళ్లి పాటలు సీడీల నుంచి తీసినవైతే 44.1లో ఉంటాయి, వాటిని మార్చకుండా కలపకు.

డిస్క్ పెట్టగానే ప్లేయర్ "ఈ డిస్క్ పనికిరాదు" అంటే, లేదా వీడియోగా కాక ఫైళ్ల లిస్ట్‌గా చూపిస్తే, ఫోల్డర్ వైపు చూడు. పైన బ్లూరే వీడియో ఉండే బీడీఎంవీ ఫోల్డర్ నేరుగా కనిపించాలి. చాలామంది దాన్ని పెళ్లివాళ్ల పేరు పెట్టిన ఇంకో ఫోల్డర్‌లో పెట్టి రైట్ చేస్తారు, ప్లేయర్‌కు దారి దొరకదు. ఫైల్ సిస్టమ్ యూడీఎఫ్ 2.50 పెట్టు. లోపల ఇండెక్స్ ఫైల్ ఉంటుంది. దాన్ని హెక్స్ ఎడిటర్‌లో (ఫైల్ లోపలి బైట్లు చూపించే సాఫ్ట్‌వేర్) తెరిస్తే మొదట్లోనే నాలుగు అక్షరాల తర్వాత ఒక నంబర్ కనిపిస్తుంది. 0300 ఉంటే 4కె డిస్క్, 0200 ఉంటే మామూలు బ్లూరే. పాత సాఫ్ట్‌వేర్‌తో ఫోల్డర్ తయారు చేస్తే లోపల 4కె వీడియో ఉండి పైన 0200 అని పడుతుంది. ప్లేయర్ మామూలు బ్లూరే అనుకుని తెరుస్తుంది, లోపల 4కె డిస్కులు వాడే హెచ్‌ఈవీసీ రకం వీడియో చూసి ఆగిపోతుంది. ఫోల్డర్ తయారీకి టీఎస్‌మక్సర్ సాఫ్ట్‌వేర్ వాడుతుంటే కొత్త వెర్షన్ పెట్టుకో. ఆ నంబర్‌ను చేత్తో మార్చి సరిపెట్టకు, మిగతా ఫైళ్లలో కూడా అదే ఉంటుంది. ఫోల్డర్ మళ్లీ తయారు చేయి.

రైట్ చేసేటప్పుడు 4ఎక్స్ స్పీడ్ చాలు, చివర వెరిఫై (రాసింది సరిగ్గా ఉందో లేదో చదివి చూడడం) తప్పనిసరి. అది ఇంకో అరగంట తిన్నా తిననీ. చిన్న యూఎస్‌బీ రైటర్ అయితే కంప్యూటర్ వెనుక పోర్ట్‌కు నేరుగా పెట్టు, హబ్‌కు పెడితే కరెంటు చాలక మధ్యలో దెబ్బతింటుంది. యూపీఎస్ లేకుండా మొదలుపెట్టకు. ఖాళీ డిస్కుల్లో ఎల్‌టీహెచ్ అని రాసినవి చవకగా వస్తాయి, వద్దు. వాటిలో సేంద్రియ రంగు ఉంటుంది, పాత ప్లేయర్లకు సరిగ్గా పడదు, ఎక్కువ కాలం కూడా నిలవదు. సోనీ ఖాళీ బ్లూరే డిస్కుల తయారీని 2025 ఫిబ్రవరిలో ఆపేసింది. కాబట్టి మంచి సరుకు కనిపించినప్పుడు పెళ్లిళ్ల సీజన్‌కు సరిపడా కొనిపెట్టుకో, కానీ ఒక్కటి రాసి చూశాకే పెట్టె మొత్తం కొను.

బ్లూరేలో డేటా పొర మీద ఉండే మూత మందం 0.1 మిల్లీమీటరే. డీవీడీకి 0.6 ఉండేది. గట్టి పూత ఉన్నా గీతకు పెద్దగా ఓర్చుకోదు. ఎనుమాముల మార్కెట్ దిక్కు మిర్చి దుమ్ము, కరీంనగర్ దిక్కు గ్రానైట్ క్వారీల దుమ్ము ఉన్న ఇళ్లలో డిస్క్ ట్రేలో వదిలేయొద్దని చెప్పు. తుడవాల్సి వస్తే మెత్తని గుడ్డతో మధ్య నుంచి అంచు వైపు తుడవాలి, గుండ్రంగా తిప్పకూడదు. మే నెల ఎండలో కారు డ్యాష్‌బోర్డ్ మీద డిస్క్ పెట్టి మధ్యాహ్నం విందుకు పోతే, వచ్చేసరికి అది వంగి ఉంటుంది.

బొమ్మ అసలే రాకపోయినా, మినుకుమినుకుమన్నా కేబుల్ మార్చి చూడు. 4కె 50, 60 ఫ్రేములకు 18 గిగాబిట్ల హెచ్‌డీఎంఐ కేబుల్ ఉంటే మంచిది. టీవీలో కూడా ఆ పోర్ట్‌కు ఎన్‌హాన్స్‌డ్ ఫార్మాట్ లాంటి సెట్టింగ్ ఉంటుంది, ఆన్ చేయాలి. రంగులు వెలిసినట్టుంటే కెమెరా లాగ్ పద్ధతిలో వెలిసినట్టు తీసిందాన్ని గ్రేడింగ్, అంటే రంగులు దిద్దడం, చేయకుండా వదిలావేమో చూసుకో. వెలుగు, రంగులు ఎక్కువగా చూపించే హెచ్‌డీఆర్ జోలికి ఇప్పుడే పోకు, ముందు మామూలు రంగుల్లో డిస్క్ నిలకడగా ప్లే కానీ.

పెళ్లి మొత్తం ఫైల్‌ను రెండు హార్డ్‌డిస్కుల్లో ఉంచు, ఒకటి స్టూడియోలో, ఒకటి ఇంట్లో. ఆ పెళ్లి మళ్లీ జరగదు, అందులో కనిపించే నాయనమ్మలు, తాతలు రేపు మనతో ఉండకపోవచ్చు. డిస్క్‌తో పాటు అదే వీడియోను ఎంపీ4గా పెన్‌డ్రైవ్‌లో కూడా ఇవ్వు, దానికి అదనంగా డబ్బులు అడగకు. డిస్క్ కవర్‌లో ఒక చీటీ పెట్టు: ఏ మోడల్ ప్లేయర్‌లో చూసి ఇచ్చావో, ఫ్రేమ్ రేట్ ఎంతో, ఏ తేదీన రాశావో, నీ ఫోన్ నంబర్. డిస్క్ మీద పేరు రాసేటప్పుడు బాల్‌పెన్ వద్దు, డిస్కుల కోసమే అమ్మే మెత్తని మార్కర్ వాడు.

మీ పెద్దబాపు