‘ఇలాంటి పిల్లలు అంతే’ అంటే ఊరుకోకండి

ప్రశ్న: మా అబ్బాయికి 22 ఏళ్లు. డౌన్ సిండ్రోమ్, మేధో వైకల్యం ఉన్నాయి. మాటలు తక్కువ. మూడు వారాలుగా సరిగా తినడం లేదు, చెంప మీద కొట్టుకుంటున్నాడు, రాత్రిళ్లు నిద్రపోవడం లేదు. డాక్టరుకు చూపిస్తే ‘ఇలాంటి పిల్లలు అంతేనమ్మా’ అని నిద్రమాత్రలు రాశారు. గట్టిగా అడగాలంటే భయం. ఏం చేయాలి?
- ఒక తల్లి, ఖమ్మం

సమాధానం: అమ్మా, పుట్టుకతో వచ్చిన వైకల్యం మూడు వారాల కిందట మొదలైన బాధకు ఎలా కారణమవుతుంది? ఆ ప్రశ్న డాక్టరు వేసుకోలేదు కాబట్టి మీరు వేయాలి. మా వైద్యుల్లో ఇది పాత జాడ్యమే. మేధో వైకల్యం కనిపించగానే మిగతా జబ్బులన్నీ దాని ఖాతాలో రాసేస్తాం.

తినకపోవడం, చెంప కొట్టుకోవడం కలిసి వచ్చాయంటే నేనైతే ముందు నోరు తెరిపించి చూస్తాను. పిప్పి పన్నో, చిగుళ్ల వాపో ఉండవచ్చు. తరువాత చెవి. డౌన్ సిండ్రోమ్ ఉన్నవారికి చెవి రంధ్రం సన్నగా ఉంటుంది, గులిమి గట్టిపడి బాధపెడుతుంది. ఆపైన మలబద్ధకం, థైరాయిడ్. థైరాయిడ్ పరీక్ష వీరికి ఏడాదికో రెండేళ్లకో ఒకసారి ఎలాగూ చేయించాలి. నిద్రమాత్రల సంగతి మళ్లీ అడగండి. వీరిలో నిద్రలో ఊపిరి అడ్డుపడటం ఎక్కువ, మత్తు దాన్ని పెంచవచ్చు. గురక ఉంటే తప్పక చెప్పండి.

భయమన్నారు. గొంతు పెంచనక్కరలేదు, ఒక తెల్లకాగితం చాలు. ఒకవైపు నెల కిందట ఎలా ఉండేవాడో, ఇంకోవైపు ఇప్పుడెలా ఉన్నాడో రాయండి. ‘మూడు పూటలా తినేవాడు, ఇప్పుడు పెరుగన్నం రెండు ముద్దలు మింగుతున్నాడు, నమలడం లేదు’ అని రాసి ఉంటే నాకు సగం దారి దొరికినట్లే. కొట్టుకునేటప్పుడు ఫోనులో అర నిమిషం వీడియో తీయండి. డాక్టరుతో ఇలా అనండి: ‘ఇది మా వాడికి మామూలు కాదండీ. మాటలొచ్చిన కుర్రాడు ఇదే బాధతో వస్తే ఏ పరీక్షలు చేస్తారో అవే చేయండి.’ అక్కరలేదంటే, ఎందుకో ఓపీ చీటీ మీద రాయమనండి. రాయవలసి వచ్చేసరికి చాలామంది ఒకసారి చూసే రాస్తారు. మా సంగతి నాకు తెలుసు.

అబ్బాయిని పక్కన కూర్చోబెట్టి పెద్దలే మాట్లాడుకోవడమూ తప్పే. నొప్పి ఎక్కడో బొమ్మ మీద వేలు పెట్టి చూపడం ఇంట్లో ఆటలా నేర్పండి. డాక్టరును అతనితోనే మాట్లాడమనండి, టార్చిలైటు ముందు అతని చేతికివ్వమనండి.

వరుసలో నిలబడలేకపోతే యూడీఐడీ కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు) చూపండి. వైద్యంలో దివ్యాంగులకు ప్రాధాన్యం ఇవ్వాలని 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 25వ సెక్షన్ చెబుతోంది. మేధో వైకల్యం వంటివి ఉన్నవారి కోసం కేంద్రం పెట్టిన జాతీయ ట్రస్టు వారి ‘నిరామయ’ ఆరోగ్య బీమా లక్ష రూపాయల వరకు ఉంటుంది. లేకపోతే దరఖాస్తు చేయండి.

ఈ వారంలోనే పళ్ల డాక్టరుకు చూపించండి. జ్వరం వచ్చినా, బుగ్గ వాచినా, నీళ్లు కూడా మింగకపోయినా, నడక తడబడినా అదే రోజు ఆసుపత్రికి తీసుకువెళ్లండి.