మీకు లేనిది ఉంగరం కాదు

"రెండేళ్ళ క్రితం గుడిలో తాళి కట్టాడు. మొన్న వాళ్ళ అమ్మానాన్నల ముందు 'ఈ అమ్మాయి ఆఫీసులో పరిచయం, అంతే' అన్నాడు. మా అమ్మకి అంతా తెలుసు, నాన్నకి తెలియదు. 'గొడవ చెయ్యకు, శకుంతలలా ఓర్చుకో, అతనికే గుర్తొస్తుంది' అంటోంది అమ్మ. అతని మనసు కరిగేలా ఉత్తరం ఎలా రాయాలి?"
— పేరు వద్దన్న పాఠకురాలు, 26, రాజమహేంద్రవరం

ఉత్తరం సంగతి వదిలెయ్యండి. మీ అమ్మగారు చెబుతున్నది కాళిదాసు శకుంతల. అక్కడ దూర్వాసుడి శాపం ఉంది కాబట్టి రాజుకి నిజంగానే గుర్తులేదు. మీవాడికి ఏ ముని శాపం పెట్టాడు?

మీకు పనికొచ్చేది భారతంలోని శకుంతల. మీ ఊళ్ళోనే, రాజరాజనరేంద్రుడి కొలువులో నన్నయ తెలుగు చేసిన ఆదిపర్వంలో శాపమూ లేదు, ఉంగరమూ లేదు. దుష్యంతుడికి అన్నీ గుర్తున్నాయి. లోకం ఏమంటుందోనని ఎరగనన్నాడు, అంతే. కొడుకుని వెంటబెట్టుకుని నిండు సభలో నిలబడ్డ ఆ మనిషి ఏం చేసిందో వరసగా చూడండి. ముందు మర్యాదగా గుర్తుచేసింది. కాదన్నాక బతిమాలలేదు, వాదించింది. వంద చేదనూతుల కంటే ఒక దిగుడుబావి మేలు, వంద బావుల కంటే ఒక యజ్ఞం, వంద యజ్ఞాల కంటే ఒక కొడుకు, వందమంది కొడుకుల కంటే ఒక్క నిజమైన మాట మేలు అంది. 'నన్ను ప్రేమించు' అనలేదు, 'నిజం చెప్పు' అంది. వ్యాసుడి మూలంలోనైతే ఇంకో మెట్టు ఎక్కింది: నువ్వు లేకపోయినా నా కొడుకు భూమినేలుతాడు, నీలాంటివాడితో నాకు పొత్తు వద్దు అని వెనుదిరిగింది. ఆకాశవాణి పలికింది ఆ తరవాతే.

ఓర్పుకి పేరుపడ్డ కాళిదాసు శకుంతలైనా అంత మెత్తనిదేమీ కాదు. చివరి అంకంలో రాజు ఉంగరం మళ్ళీ పెట్టుకోమంటే 'దీన్ని నేను నమ్మను, మీరే పెట్టుకోండి' అంది. మనిషిని క్షమించింది గానీ గుర్తుల మీద బతకడం మానేసింది. ఇది మీ అమ్మగారికి చదివి వినిపించండి.

ఇక అసలు సంగతి. మీ చిక్కు ఆ అబ్బాయితో కాదు, మీ నాన్నగారితో. శకుంతల కూడా సిగ్గుపడి, పెంచిన తండ్రి కణ్వుడికి ఎదురుపడలేకపోయింది. ఆయన దివ్యదృష్టితో గ్రహించి, తప్పు లేదన్నాడు, శిష్యుల్ని తోడిచ్చి పంపాడు. సభలో ఆమె గొంతు వణకకపోవడానికి వెనక ఆ మాట ఉంది. మన నాన్నలకి దివ్యదృష్టి ఉండదు, మనమే చెప్పాలి. రెండేళ్ళు దాచి మీరే ఆ పెళ్ళిని 'పరిచయం' చేశారు. అతను అదే మాట పైకి అన్నాడు. కటువుగా ఉన్నా ఇది అనక తప్పదు.

ఈలోగా వాట్సాప్ సంభాషణలు తుడిచెయ్యకండి. ఎగుమతి చేసి మీ మెయిల్‌కి పంపుకోండి. కోపంలో తుడిచేసి తరవాత ఏడ్చేవాళ్ళే ఎక్కువ. గుడి రసీదు, పురోహితుడి పేరు, చూసిన ఇద్దరి ఫోన్ నంబర్లు ఒకచోట రాసుకోండి. 1955 హిందూ వివాహ చట్టం ఏడో సెక్షన్ ఆచారం ప్రకారం జరిగిన తంతునే చూస్తుంది. కాబట్టి దండలు మార్చుకున్న ఫొటో ఒక్కటి చాలదు, జీలకర్ర బెల్లం, తాళి, సప్తపది ఫొటోలు వెతకండి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఆడవాళ్ళకి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా లాయరుని ఇస్తారు. అతను బెదిరిస్తే మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చెయ్యండి. వాళ్ళింటికి మాత్రం ఒంటరిగా వెళ్ళకండి.

నాన్నగారితో ఈ ఆదివారమే మాట్లాడండి. అమ్మగారిని పక్కన కూర్చోబెట్టుకోండి, కానీ మాట మీరే చెప్పండి. 'నాన్నా, రెండేళ్ళ క్రితం నాకు పెళ్ళయింది' అన్నది మొదటి వాక్యం కావాలి. ఏడుపూ సంజాయిషీలూ ఆయన అడిగాక. ఆయన తొలి కోపం 'నీకు తెలిసీ నాకు చెప్పలేదా' అని మీ అమ్మగారి మీద పడుతుంది. అప్పుడు 'నేనే వద్దన్నాను' అనండి, అది నిజమైతేనే.