కుక్కను పాము కరిస్తే వెంటనే ఏం చేయాలి?

సూటిగా చెప్పాలంటే, కుక్కను నడిపించకుండా ఎత్తుకుని, యాంటీవీనం ఉన్న పశువుల ఆసుపత్రికి వీలైనంత త్వరగా తీసుకెళ్లాలి. విషానికి అసలు మందు అదొక్కటే, అది ఇంట్లో ఇచ్చేది కాదు. బయలుదేరేటప్పుడే ఫోన్ చేసి మందు ఉందో లేదో కనుక్కోండి, లేని చోటికి వెళ్తే ఆ టైమంతా వృథా.

కుక్క వాసన చూడ్డానికి మూతి పెట్టి మరీ వెళ్తుంది కాబట్టి కాట్లు ఎక్కువగా మూతి మీదో ముందు కాళ్ల మీదో పడతాయి. మూతి, మెడ వాచిపోతే బెల్టు బిగుసుకుని ఊపిరాడదు, అందుకే ముందు బెల్టు తీసేయండి. నొప్పిలో ఉన్న కుక్క మిమ్మల్నే కరవొచ్చు, జాగ్రత్త.

గాటు పెట్టడం, నోటితో పీల్చడం, గట్టిగా కట్టు కట్టడం, ఐస్ పెట్టడం... ఇవేవీ వద్దు. మనుషుల నొప్పి మాత్రలు అసలే వద్దు, పారాసెటమాల్, ఐబుప్రొఫెన్ కుక్కలకు విషంతో సమానం.

పాము కోసం వెతకొద్దు. కనిపిస్తే దూరం నుంచి ఫోటో తీయండి, చాలు.

రక్తపింజర లాంటివి కరిస్తే వాపు, రక్తస్రావం తెలుస్తాయి. కట్లపాము కాటుకు మాత్రం వాపు దాదాపు ఉండదు, కాసేపు మామూలుగానే తిరిగిన కుక్క తర్వాత వెనక కాళ్లు తూలుతూ, రెప్పలు వాలిపోయి, చొంగ కారుస్తూ కూలబడుతుంది. అందుకే ‘బాగానే ఉంది కదా’ అని ఇంట్లో ఉంచేయకండి, ఒక రోజైనా డాక్టర్ పరిశీలనలో ఉండాలి.