అంతరిక్షంలో ఉండేవాళ్లకు కిడ్నీలో రాళ్లు నీళ్లు తక్కువ తాగడం వల్లే వస్తాయా?

నీళ్లు ఒక కారణం. అసలు గొడవ ఎముకల దగ్గర ఉంది. నేను డాక్టర్‌ని కాదు, 6 మిల్లీమీటర్ల రాయితో అల్లాడిన మనిషిని. పల్నాడు ఎండల్లో బైకు మీద విత్తనాల షాపులు తిరిగే ఉద్యోగం నాది. దారిలో ఒంటికి ఆగాల్సి వస్తుందని నీళ్లు తాగేవాణ్ణి కాదు. ఆ నొప్పి చూశాకే దీని గురించి దొరికినదల్లా చదివాను.

వ్యోమగాములదీ కొంత నా తెలివే. రాకెట్‌లో గంటల తరబడి వెల్లకిలా పడుకోవాలి కాబట్టి చాలామంది ముందే నీళ్లు తగ్గించేస్తారు. పైకి వెళ్లాక ఒంటి బరువు మోసే పని ఉండదు. దాంతో తుంటి, వెన్ను ఎముకలు నెలకు 1 నుంచి 1.5 శాతం దాకా పలచబడతాయి. ఆ కరిగిన కాల్షియం చాలావరకు మూత్రంలోకే చేరుతుంది, అదే రాయి కడుతుంది.

ఎంత కాల్షియమంటే, అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో మూత్రాన్ని మంచినీళ్లుగా మార్చే యంత్రం 2009లో దానివల్లే మూసుకుపోయింది. మూత్రం పాడవకుండా కలిపే సల్ఫ్యూరిక్ ఆమ్లంతో కాల్షియం కలిసి గడ్డకట్టింది. తర్వాత ఆ ఆమ్లాన్నే మార్చారు. అంటే యంత్రానికీ నాలాగే రాయి వచ్చిందన్నమాట!

మనుషుల సంగతికొస్తే, 1982లో సాల్యూట్-7 అనే సోవియట్ అంతరిక్ష కేంద్రంలో ఒక వ్యోమగామికి విపరీతమైన నొప్పి వచ్చింది. కిందికి దించేద్దామా అనుకుంటుండగా రాయి దానంతటదే పడిపోయింది. నాకూ అలాగే పడిపోయింది, కాకపోతే నేను మంచం మీదున్నాను, ఊళ్లో ఆసుపత్రి ఉంది.

ఇంకో చిక్కు నాకు కొత్తగా తెలిసింది. అంతరిక్షంలో మూత్రం, మూత్రాశయం అనే సంచి అడుక్కి చేరదు, దాని గోడలకు అంటుకుని ఉంటుంది. దాంతో సంచి దాదాపు నిండేదాకా వస్తున్నట్టే అనిపించదు. ఒక్కోసారి బిగబట్టుకుపోయి గొట్టం వేయాల్సి వచ్చిన సందర్భాలూ ఉన్నాయి. అందుకే రాకపోయినా టైము ప్రకారం వెళ్లమంటారు.

రాళ్లు రాకుండా రోజూ రెండు గంటల దాకా వ్యాయామం చేయిస్తారు, నీళ్లు బాగా తాగమంటారు. ఎముకలు కరగకుండా, రాయి కట్టకుండా మందులు కూడా పరీక్షించారు. నాకు మా డాక్టర్ చెప్పింది ఒకటే: రోజుకు రెండున్నర లీటర్ల మూత్రం పోయేలా నీళ్లు తాగాలి. మా అమ్మ మాత్రం కొండపిండి కూర వల్లే రాయి పడిందని ఇప్పటికీ వాదిస్తుంది.