గుంజకి తాడు కట్టకు, అమ్మలూ

అమ్మలూ,

పెరటి కంచె గుంజలు నువ్వే తీసేస్తానన్నావని నిన్న మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. తొమ్మిది గుంజలు, అన్నీ కాంక్రీటు పోసి పాతినవేనట. ఆ పనికి నువ్వే పూనుకున్నావని విని ఎంత పొంగిపోయానో! ఆ వెంటనే మీ అమ్మ ఇంకో మాట అంది, "స్నేహితురాలి కారుకి తాడు కట్టి లాగేస్తారట" అని. ఇక రాత్రంతా నిద్ర పడితే ఒట్టు.

చిన్న పనులు ముందు చెప్పేస్తాను. గుంజల దగ్గర నేల కింద నీళ్ల పైపుగానీ కరెంటు వైరుగానీ పోతోందేమో కనుక్కున్నాకే గడ్డపార దించు. అడ్డపట్టీలు ఊడదీసి మేకులన్నీ డబ్బాలో వెయ్యి. చిన్నప్పుడు నా వెనకాల మేకుల డబ్బా పట్టుకుని తిరిగేదానివి, ఒక్క మేకు కింద పడనిచ్చేదానివి కాదు. గట్టి బూట్లు, చేతులకి గ్లౌజులు, కళ్లకి అద్దాలు పెట్టుకో. గుంజని మొదలంటా కోసెయ్యకు, నడుమెత్తు ఉంచు. తర్వాత పట్టుకుని ఊపడానికి అదే ఆధారం.

ఇక తాడు సంగతి.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు, మీ నాన్నకి పద్నాలుగు. మీ తాతయ్య ఊళ్లో లేని రోజు చూసి, ఆయన వచ్చేసరికి పాత కంచె మొత్తం తీసేసి మెప్పు పొందాలనుకున్నాను. మొదటి గుంజ తవ్వేసరికే మధ్యాహ్నమైంది. ఓపిక నశించి, తెలిసినవాళ్ల జీపు అడిగి తెచ్చాను. రెండో గుంజ తలకి నైలాన్ తాడు కట్టాను. చూడ్డానికి నిక్షేపంగా ఉంది, కొడితే ఖంగుమంది.

కానీ పాతిన గుంజ ముందుగా కుళ్లేది సరిగ్గా నేలమట్టం దగ్గర. తడీ గాలీ రెండూ కలిసి అందేది అక్కడే. చెక్క ఎండి కుదించుకుపోతే దానికీ కాంక్రీటుకీ మధ్య సందు పడుతుంది, వాన నీళ్లు అందులో దిగి నిలిచిపోతాయి. పైన రాయిలా ఉన్న గుంజ ఆ బెత్తెడు మేర పొట్టుపొట్టుగా ఉంటుంది. ఇదంతా నాకు తర్వాత తెలిసింది.

నైలాన్ తాడు సాగుతుంది కూడా. లాగినకొద్దీ బలాన్ని తనలో పట్టి ఉంచుకుని, ఒక్కసారిగా విడిచిపెడుతుంది. నేను జీపు ముందుకి పోనిచ్చాను. గుంజ నేల దగ్గర ఫెళ్లున విరిగి, మేకులతో సహా గాల్లో ఎగిరొచ్చి జీపు వెనక రేకుకి తగిలింది. దిగి చూస్తే మీ నాన్న నేల మీద చతికిలబడి, చెవి పట్టుకుని ఉన్నాడు. వేళ్ల సందుల్లోంచి నెత్తురు కారుతోంది. "తాడు జారుతుందేమో చూస్తుండరా" అని జీపుకీ గుంజకీ మధ్య వాణ్ణి నిలబెట్టింది నేనే అమ్మలూ.

మీ నాన్న ఎడమ చెవి అంచున చిన్న నొక్కు ఉంటుంది కదా, సైకిల్ మీంచి పడ్డానని నీకూ చెప్పాడట. జీపు సొట్ట సంగతి తాతయ్యకి ఎలాగూ తెలిసిపోయింది. చెవికి మాత్రం, నన్ను కాపాడటానికి వాడు ఆ సాయంత్రమే సైకిల్ కథ అల్లాడు. ఇన్నేళ్లూ దాన్ని మార్చలేదు. ఆ మేకు రెండంగుళాలు ఇటు వచ్చి ఉంటే వాడు దక్కేవాడు కాదు, నువ్వూ ఉండేదానివి కాదు.

కాబట్టి కారు వద్దు, తాడు వద్దు, గొలుసూ వద్దు. మెల్లగా లాగుతాం అంటావేమో, నేనూ మెల్లగానే లాగాను.

గడ్డపార చాలు. అడుగు వెడల్పు, రెండడుగుల లోతు ఉన్న కాంక్రీటు దిమ్మె 85, 90 కిలోలు తూగుతుంది. ముందురోజు సాయంత్రం దాని చుట్టూ నీళ్లు పోసి నాననివ్వు. పొద్దున్నే ఒక్క పక్కనే, దిమ్మె అడుగు కనపడేదాకా తవ్వు. తర్వాత గుంజని పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపు. ఒళ్లంతా దాని మీద వెయ్యకు, విరిగితే నువ్వు గుంటలో పడతావు. దిమ్మె కదిలాక గడ్డపార మొన దాని అడుగున దూర్చి, మొనకి అరడుగు ఇవతల గట్టి చెక్క ముక్క పెట్టి ఆనించు. ఐదడుగుల గడ్డపార అయితే నువ్వు 10 కిలోల బలంతో నొక్కినా అటు చివర 90 కిలోల బలం పనిచేస్తుంది. లేచింది లేచినట్టు కింద రాళ్లు తొయ్యి, కర్రతోనే సుమా! చెయ్యి మాత్రం దూర్చకు. ఇలా అంగుళం అంగుళం పైకి తెచ్చి, పలక మీదుగా బయటికి దొర్లించు. ఎత్తాలని చూడకు, నడుం పట్టేస్తే నెలల తరబడి బాధ.

గుంజ విరిగి దిమ్మె ఒక్కటే మిగిలితే దాన్ని తడిపి, మాస్కు కట్టుకుని, సమ్మెటతో అంచుల నుంచి పగలగొట్టు. నడిమధ్య కొడితే చెయ్యి అదురుతుంది తప్ప దిమ్మె పగలదు. నన్నడిగితే, అంత మొండికేసిన దిమ్మెని నేలలోనే వదిలెయ్యి. పైన మట్టి కప్పి, కొత్త గుంజని రెండడుగులు జరిపి పాతుకో. అందులో చిన్నతనమేమీ లేదు.

పాత చెక్కని పొయ్యిలో పెట్టొద్దు. చెద పట్టకుండా పూర్వం ఆర్సెనిక్ మందు ఎక్కించేవాళ్లు, కాలిస్తే అది పొగలోకీ బూడిదలోకీ చేరుతుంది.

రోజుకి రెండు గుంజలు చాలు. నా గడ్డపార పంపుతున్నాను. ఆ జీపు ప్రమాదం తర్వాత మిగిలిన గుంజలన్నీ మీ నాన్నా నేనూ దానితోనే తీశాం, వాడు చెవికి కట్టుతోనే. మొదటిది పైకి రాగానే ఫోన్ చెయ్యి. కారు ఎక్కడుందో కూడా చెప్పు.

మీ పెదనాన్న