టెర్మినల్‌లో ఒత్తులు విడిపోతే తప్పు ఫాంటుది కాదు

లినక్స్ సందేహాలు – సమాధానాలు

(కమాండ్ల పేర్లు ఇక్కడ తెలుగు లిపిలో ఇస్తున్నాం. టైపు చేసేటప్పుడు ఇంగ్లిష్ చిన్న అక్షరాలే వాడండి. పెద్ద అక్షరం కావలసిన చోట విడిగా చెబుతాం.)

ప్రశ్న: తెలుగు పేర్లున్న ఫైళ్ల జాబితా టెర్మినల్‌లో తీస్తే ఒత్తులు విడిపోతున్నాయి. ‘స్త్రీ’ అనే మాట స్, త్, రీ అని మూడు ముక్కలుగా పడుతోంది. కమాండ్ దిద్దబోతే కర్సర్ ఒక చోట ఉంటే చెరిగే అక్షరం ఇంకో చోట ఉంటోంది. నాలుగు ఫాంట్లు మార్చినా ఫలితం లేదు. ఫైలు పేర్లే పాడయ్యాయా?
– పాఠకురాలు, ఖమ్మం

జవాబు: పేర్లు భద్రంగా ఉన్నాయండీ. ఇక ఫాంట్లు మార్చకండి, తేడా అక్కడ లేదు.

టెర్మినల్ ఎమ్యులేటర్ పాత వీడియో టెర్మినళ్లను అనుకరించే ప్రోగ్రాము. 1978లో డెక్ సంస్థ తెచ్చిన వీటీ100 తెర మీద అడ్డంగా 80 గళ్లు, నిలువుగా 24 వరుసలు ఉండేవి. గడికి ఒక అక్షరం. ఆ గళ్ల లెక్క నేటికీ మారలేదు. ‘స్త్రీ’ మనకు ఒకే అక్షరం. యూనికోడ్‌లో మాత్రం అది స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం అని 6 సంకేతాలు. లినక్స్ ప్రోగ్రాములు ఆధారపడే మూల లైబ్రరీ జీలిబ్‌సి లెక్కలో హల్లుకు ఒక గడి, పొల్లుకూ గుడిదీర్ఘానికీ సున్నా. మొత్తం 3 గళ్లు. చాలా టెర్మినళ్లు గడికి గడి విడిగా గీస్తాయి. త, ర ఒత్తులుగా మారాలంటే ఆరు సంకేతాలూ ఒకేసారి హార్ఫ్‌బజ్ వంటి అక్షర కూర్పు లైబ్రరీకి అందాలి. ముక్కలుగా అందితే ఎంత మంచి ఫాంటయినా ఒత్తు పుట్టించలేదు.

ముందు ఇది నిర్ధారించుకోండి. ‘స్త్రీ’ అని ఒక ఫైల్లో రాసి గ్రాఫికల్ టెక్స్ట్ ఎడిటర్‌లో తెరవండి. అక్కడ సరిగ్గా కనబడితే మీ ఫాంటూ అక్షర కూర్పూ రెండూ బాగున్నట్టే. తర్వాత ప్రింట్ఎఫ్‌తో ఆ మాటను అచ్చు వేయించి, పైపు (| గుర్తు) ద్వారా, లెక్కపెట్టే కమాండ్ డబ్ల్యూసీకి పంపండి. ‘-సి’ ఇస్తే 18 బైట్లు, ‘-ఎం’ ఇస్తే 6 సంకేతాలు, పెద్ద అక్షరంతో ‘-ఎల్’ ఇస్తే 3 గళ్లు రావాలి. ప్రింట్ఎఫ్ బదులు ఎకో వాడితే చివర కొత్త వరుస సంకేతం కలిసి 19, 7 వస్తాయి. దాన్ని చూసి కంగారు పడవద్దు.

కర్సర్ తప్పడానికి కారణం వేరు. మన గుణింతపు గుర్తులను యూనికోడ్ రెండు తరగతులుగా విడదీసింది. గుడి, ఎత్వం, ఏత్వం, ఓత్వం, పొల్లు చోటు తీసుకోనివి. కొమ్ము, కొమ్ముదీర్ఘం, వట్రుసుడి, సున్న, విసర్గ చోటు తీసుకునేవి. రెండో తరగతికి జీలిబ్‌సి తలా ఒక గడి ఇస్తుంది. అందుకే ‘తెలుగు’ కంటికి మూడక్షరాలైనా 5 గళ్లు. మన కమాండ్లను అందుకునే షెల్ ప్రోగ్రాము బాష్ ఈ లెక్క ప్రకారమే కర్సర్‌ను జరుపుతుంది. మీ టెర్మినల్ తన సొంత వెడల్పుల పట్టికలో కొమ్ముకు సున్నా వేస్తే, ఒక్కో కొమ్ముకు ఒక గడి చొప్పున ఆ మాట దగ్గరే రెండు గళ్లు తేడా వస్తుంది.

మీ టెర్మినల్ ఏ లెక్క పాటిస్తోందో తెలుసుకోవడం తేలిక. ‘తెలుగు|’ అని ఒక వరుస, దాని కింద 1234567890 అని ఇంకో వరుస ప్రింట్ఎఫ్‌తో వేయించండి. నిలువు గీత 6 మీద పడితే రెండు లెక్కలూ కలిసినట్టు. 4 మీద పడితే కొమ్ములను టెర్మినల్ లెక్కించడం లేదు. దూరపు సర్వర్‌లో పని చేస్తున్నప్పుడే తేడా వస్తే ఇదే పరీక్ష అక్కడ కూడా చేయండి. గీత చోటు మారదు, ఎందుకంటే గీసేది మీ ముందున్న టెర్మినలే. ‘తెలుగు’కు డబ్ల్యూసీ పెద్ద ‘-ఎల్’తో చెప్పే సంఖ్య అక్కడ మారితే తేడా ఆ సర్వర్ లెక్కలో ఉంది.

ఏం చేయాలి? తెలుగు పాఠంతో రోజూ పని ఉంటే ఎంఎల్‌టెర్మ్ పెట్టుకోండి. బహుభాషల కోసమే రాసిన టెర్మినల్ అది. దాని సెట్టింగుల్లో ఓపెన్‌టైప్ లేఅవుట్ మొదట ఆపి ఉంటుంది, దాన్ని ఆన్ చేయాలి. తెర నిర్వహణకు వేలాండ్ వ్యవస్థ వాడేవారు ఫుట్ అనే టెర్మినల్ కూడా ప్రయత్నించవచ్చు. ఎక్స్‌టెర్మ్‌తో ఈ పని కాదు. మంచి టెర్మినల్‌లోనూ సంయుక్తాక్షరం తర్వాత ఖాళీ గడి మిగిలితే అది లోపం కాదు: అక్షరం కలిసింది, కేటాయించిన గళ్లు తగ్గలేదు.

తెలుగు సహా ఆరు భారతీయ లిపుల్లో పొల్లుతో కలిసిన హల్లులను ఒకే అక్షరంగా చూడాలన్న నియమం యూనికోడ్‌లోకి 2023లో, 15.1 సంచికతోనే వచ్చింది. టెర్మినళ్లు దాన్ని ఇప్పుడిప్పుడే అందుకుంటున్నాయి. అంతవరకు ఫైలు పేర్లను ఇంగ్లిష్‌లోకి మార్చుకోనక్కర్లేదు. మొదటి అక్షరం కొట్టి ట్యాబ్ నొక్కితే పేరు పూర్తవుతుంది. తెర మీద ఎలా కనబడినా కమాండ్‌కు అందేవి సరైన బైట్లే.

ప్రశ్న: అవే ఫైళ్లు సర్వర్‌లో చూస్తే అక్షరాల బదులు 340, 260 అంటూ అంకెలు వస్తున్నాయి. ఫాంటు ఎక్కించాలా?
– పాఠకుడు, తెనాలి

జవాబు: సర్వర్‌లో ఫాంటుతో పని లేదు. అక్షరాలు గీసేది మీ యంత్రం. 340 260 అన్నవి తెలుగు అక్షరాల యూటీఎఫ్-8 బైట్లే, ఎనిమిది ఆధారంగా రాసిన అంకెలు. అక్కడి లొకేల్ (భాష, అక్షర సంకేతాల అమరిక) యూటీఎఫ్-8 కానందున, ఫైళ్ల జాబితా చూపే ఎల్‌ఎస్ వాటిని అక్షరాలుగా గుర్తించలేదు. లొకేల్ అనే కమాండ్ నడిపితే ‘సి’ అనో ‘పోసిక్స్’ అనో కనిపిస్తుంది. సి.యూటీఎఫ్-8 సాధారణంగా ముందే ఉంటుంది, దాన్ని ల్యాంగ్ అనే సెట్టింగు విలువగా పెడితే చాలు (ల్యాంగ్, ఎల్‌సీ_ఆల్, సి.యూటీఎఫ్-8 మూడూ పెద్ద అక్షరాల్లో రాయాలి). ఎల్‌సీ_ఆల్ ఇప్పటికే వేరే విలువతో ఉంటే ల్యాంగ్ మార్చినా పనిచేయదు, కాబట్టి ముందు దాన్ని తీసేయండి.

ఖాళీ పెట్టెలు వస్తే మాత్రం మీ యంత్రంలో ఫాంటు లేదని అర్థం. డెబియన్, ఉబుంటులలో నోటో లేదా లోహిత్ తెలుగు ఫాంటు ప్యాకేజీ ఎక్కించి టెర్మినల్ మూసి తెరవండి. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 నొక్కితే వచ్చే నల్లతెర దీనికి మినహాయింపు. కెర్నెల్ గీసే ఆ తెర ఫాంటులో 512 రూపాలకు మించి పట్టవు, ఒత్తులు కూర్చే ఏర్పాటూ లేదు. అక్కడ తెలుగు కోసం సమయం వెచ్చించకండి.

ప్రశ్న: బాష్ ప్రాంప్ట్‌కు రంగులు పెట్టాక పొడవైన కమాండ్ తర్వాతి వరుసకు దిగకుండా అదే వరుస మీద పడి చెరిపేస్తోంది.
– పాఠకుడు, హైదరాబాద్

జవాబు: రంగు సంకేతాలు తెర మీద చోటు తీసుకోవు, కానీ ఆ సంగతి మనం చెప్పకపోతే బాష్ వాటినీ అక్షరాలుగా లెక్కేస్తుంది. ప్రాంప్ట్ రూపాన్ని నిర్ణయించే పీఎస్1లో (పెద్ద అక్షరాలు) ప్రతి రంగు సంకేతానికి ముందు \[ , తర్వాత \] ఉంచండి. రంగును మామూలుకు తెచ్చే చివరి సంకేతాన్ని చాలామంది మరిచిపోతారు, దానికీ కావాలి. ప్రాంప్ట్ మధ్యలో ఒక ఫంక్షన్ నడిపి రంగు తెప్పిస్తుంటే, ఆ ఫంక్షన్ అచ్చు వేసే \[ , \] పనిచేయవు. అక్కడ వాటి బదులు \001, \002 అచ్చు వేయించాలి.

ఇంత చేసినా తప్పుతుంటే ‘ఎస్‌టీటీవై సైజ్’ నడపండి. వచ్చే రెండు అంకెలు వరుసలు, గళ్లు. సీరియల్ కేబుల్ ద్వారా కలిసే కన్సోల్‌లో ఇవి 0 0గా ఉండడం మామూలే. ఎస్‌టీటీవైకి రోస్, కాల్స్ విలువలు చేతితో ఇస్తే సర్దుకుంటుంది.

ప్రశ్న: పొరపాటున ఒక బొమ్మ ఫైలును క్యాట్‌తో తెరిచాను. అప్పటి నుంచి ఇంగ్లిష్ అక్షరాల చోట గీతలు వస్తున్నాయి.
– పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: ఆ ఫైల్లోని 14వ నంబరు బైటు టెర్మినల్‌ను గీతల అక్షరమాలలోకి మార్చి ఉంటుంది. రీసెట్ అని కొట్టి ఎంటర్ నొక్కండి. టైపు చేసేది తెర మీద కనిపించకపోయినా పర్వాలేదు. ఎంటర్ పనిచేయకపోతే కంట్రోల్-జె, రీసెట్, మళ్లీ కంట్రోల్-జె.